గోడకు వేలాడదీసిన తాళంచెవి

నా గొంతు మొదటి నుంచీ బొంగురే. మగ్గాల చప్పుడు మీద అరిచి అరిచి ఇట్లా అయిందని మా ఆయన అనేవాడు. ఆయన పోయాక గద్వాల నేత సొసైటీ ఆఫీసులో నన్ను అటెండర్‌గా పెట్టుకున్నారు. నేను గేటు దగ్గర మాట్లాడితే వెనక గోదాములో చీరలు మడతపెట్టేవాళ్లకు కూడా వినబడేది. అట్లాంటి గొంతు, పలకవలసిన ఒక్కరోజు పలకలేదు. అది చెప్పుకోవడానికే ఇదంతా. నాకు సంతకం వస్తుంది, అంకెలు వస్తాయి, అంతకు మించి రాదు. నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. మధ్యమధ్య ఆగి నా ముఖం చూస్తోంది. చూడకు, రాయి అంటున్నాను.

ఆఫీసుకు కంప్యూటర్ వచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టారు. అధ్యక్షుడి భార్య వచ్చి దానికి పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టింది. అధ్యక్షుడు నాతో, "చెల్లె, నువ్వు జర ఆ పక్కకుండు" అన్నాడు. కోపంగా అనలేదు. మా ఆయన పక్క మగ్గం మీదే నేసిన మనిషి, నన్ను నిజంగానే చెల్లెలిలాగా చూసేవాడు. నేను పోయి గుమ్మం అవతల చెప్పుల దగ్గర నిలబడ్డాను. ఆ తర్వాత ప్రింటర్ వచ్చినప్పుడు ఎవరూ చెప్పకముందే నేనే పోయి నిలబడ్డాను. రోజూ ఆ కంప్యూటర్ దుమ్ము తుడిచేది మాత్రం నేనే.

దాని ముందు కూర్చునే పిల్లది వనపర్తి. అక్కడే పాలిటెక్నిక్ చదివింది. మా చీరల ఫోటోలు పెట్టి వెబ్‌సైట్ తయారుచేసింది. హైదరాబాద్ నుంచి, బెంగుళూరు నుంచి ఆడవాళ్లు ఇంట్లో కూర్చునే అంచు చూసి, రంగు చూసి చీర పంపమనేవారు. సొసైటీలో ఆమెది కచ్చా నౌకరీ. ఎప్పుడు వద్దంటే అప్పుడు పోవాలి. రెండేళ్లు చూసి, శ్రావణం దాటాక పక్కా చేస్తామని అధ్యక్షుడు మాట ఇచ్చాడు. తండ్రి లేని పిల్ల, ఇద్దరు చెల్లెళ్లు చదువుకుంటున్నారు. ఆ నౌకరీ పక్కా కావడమే ఆమెకు అన్నీ. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను నేను చేసింది.

ఒక ఏడు ఆషాఢంలో ఆమెకు జ్వరం వచ్చి వారం రోజులు రాలేదు. ఆ వారంలో వెబ్‌సైట్ తెరిచిన వాళ్లకు ముందు ఎర్ర గుర్తు, ఏదో హెచ్చరిక కనబడ్డాయట. ఫోన్లు మొదలయ్యాయి. "మీ దుకాణం నకిలీదంట గదా, కంప్యూటర్ చెప్తుంది" అని ఒకామె అడిగితే, ఫోన్ ఎత్తిన నేను, "నకిలీ ఏంది తల్లీ, నా మొగుడు నేసి నేసి చచ్చిపోయిండు ఈ సొసైటీల" అన్నాను. ఆమె ఫోన్ పెట్టేసింది.

జ్వరం తగ్గి వచ్చాక పిల్ల నాకు విడమరచి చెప్పింది. "పెద్దమ్మా, మన దుకాణం మనదే, ఇచ్చిన అడ్రసు గిట్ల దొంగల చేతికి పోదు అని నమ్మకం చెప్పే సర్టిఫికెట్ ఒకటుంటది. పై దేశం కంపెనీ ఇస్తది. ఏడాదికొకసారి కొత్తది తేవాలె. నేను పండుకున్న వారంలనే పాతదాని గడువు అయిపోయింది."

"మరి ఇంకొకరు తేరాదా?"

"తేవచ్చు గానీ పద్దెనిమిది పనులున్నయ్. ఒకటి తప్పినా రాదు."

తర్వాత ఆమె నెల రోజులు కూర్చుని ఒక స్క్రిప్ట్ రాసింది. స్క్రిప్ట్ అంటే, ఆ పద్దెనిమిది పనులూ కంప్యూటరే ఒకదాని వెనక ఒకటి చేసుకుపోయేటట్టు ముందే రాసి పెట్టిన వరస. మాకు డిజైన్ అట్టలు ఉంటాయి చూడండి, ఒకసారి గుచ్చి పెడితే మగ్గం వాటి ప్రకారం పువ్వు ఎత్తుతుంది, అట్లాంటిదని నాకు అర్థమైంది. చివరికి మనిషి చేయవలసినవి మూడే మిగిలాయి. నల్ల తెర మీద ప్రశ్న వస్తే ఒక అక్షరం నొక్కాలి. కంపెనీ నుంచి మెయిల్ వస్తే అందులో నీలం గీత మీద నొక్కాలి. సర్టిఫికెట్ వచ్చాక ప్రింట్ తీసి ఫైలులో పెట్టాలి, ఎందుకంటే మా సొసైటీలో దేనికైనా కాగితం ఉండాలి.

ఆ మూడూ నాకు నేర్పింది. ఎందుకంటే పొద్దున తలుపు తీసేది నేను, సాయంత్రం వేసేది నేను. గుమాస్తా కంప్యూటర్ ముట్టడు, కరెంటు కొడుతుందని భయం. అటెండర్ ముట్టుకున్నదని కమిటీకి తెలిస్తే మాట వస్తుందని ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం అందరూ అన్నానికి పోయినప్పుడు నేర్పేది. మొదట ఆ స్క్రిప్ట్ ఒక రహస్య మాట కూడా అడిగేది. అది ఇంగ్లీషులో కొట్టాలి. నాకు మూడుసార్లు తప్పింది. "పోనీ పెద్దమ్మా, తీసేస్త" అని నా కోసం దాన్ని తీసేసింది. ఆ మాటే ఉండి ఉంటే, ఆ కాగితం పరాయివాళ్ల చేతిలో పడ్డా వాళ్లకు పనికొచ్చేది కాదట, తర్వాత ఏమీ జరిగేది కాదట. నా కోసం తీసేసింది.

ఇంకొకటి కూడా చెప్పింది. నేను విన్నాను, వినలేదని అబద్ధం చెప్పను. "రెండు ఫైళ్లు తయారైతయ్ పెద్దమ్మా. ఒకటి సర్టిఫికెట్, అది అందరికీ చూపిచ్చేది. ఇంకోటి దానికి జోడు తాళంచెవి, అది ఎవ్వరికీ చూపియ్యొద్దు. పైనున్నదే సర్టిఫికెట్. పైనున్నదే ప్రింట్ తియ్యి." నేర్చుకునే రోజుల్లో ప్రతిసారీ సర్టిఫికెటే పైన ఉండేది. పైనున్నది పైనున్నది అని నేను మనసులో పెట్టుకున్నాను.

మరుసటి ఏడు గడువు దగ్గరపడే వేళకు నాగర్‌కర్నూల్‌లో ఆమె అక్కకు కాన్పు వచ్చింది. కష్టమైన కాన్పు. పిల్ల దవాఖానకు పోయింది. రెండో రోజు అక్కడి ఫోన్ బూత్ నుంచి ఆఫీసుకు ఫోన్ చేసింది. అందరూ అన్నానికి పోయిన వేళ చూసుకునే చేసింది.

"పెద్దమ్మా, నల్ల తెర తెరిచినవా?"

"తెరిచిన."

"ఆఖరి గీతల ఏమున్నది? కొడవలి లెక్క వంగి కింద చుక్క ఉన్నదా?"

"ఉన్నది. చుక్క ఉన్నది."

"వై నొక్కు. రెండు కొమ్మల కట్టె లెక్క ఉంటది చూడు, గులేరు లెక్క."

"నొక్కిన. అమ్మో, ఉరుకుతున్నయ్ బిడ్డా, అక్షరాలన్నీ ఉరుకుతున్నయ్!"

ఆమె నవ్వింది. వెనకాల దవాఖాన గోల, ఎవరో ఆయా అరుస్తున్నది. మెయిల్ వచ్చింది, నీలం గీత మీద నొక్కాను. తెర మీద ఉరకడం ఆగింది. "ఆగింది బిడ్డా" అన్నాను. "ఆగిందంటే అయినట్టే. ప్రింట్ తీసి ఫైల్ల పెట్టు. నీ చేతుల మీద అయింది పెద్దమ్మా ఈ ఏడు" అంది.

నీ చేతుల మీద అయింది. ఆ మాట నాకు ఎక్కడో తాకింది. మా ఆయన పోయిన తర్వాత ఏ మంచి పనీ నా చేతుల మీద అయిందని ఎవరూ అనలేదు.

పైనున్న ఫైలు ప్రింట్ తీశాను. కాగితం వెచ్చగా వచ్చింది. పైన గీతలు, కింద గీతలు, మధ్యలో అక్షరాలు ఒక్క వరస కూడా హెచ్చుతగ్గు లేకుండా, చివరి వరస మాత్రం పొట్టిగా. మంచి నేతగాడి పనిలా ఉంది. దాన్ని ఫైలులో పెట్టబుద్ధి కాలేదు. మా ఆఫీసు గోడ మీద సొసైటీ రిజిస్ట్రేషన్ కాగితం, తూనికలు కొలతల శాఖ ఇచ్చిన కాగితం, ఎప్పుడో వచ్చిన బహుమతి కాగితం, అన్నీ పటాలు కట్టి ఉంటాయి. సర్టిఫికెట్ అంటే మాకు గోడ మీద ఉండేది. బస్టాండ్ దగ్గర దేవుళ్ల పటాలు కట్టే దుకాణానికి తీసుకుపోయి అద్దం వేయించాను. మేకు కొట్టి రిజిస్ట్రేషన్ కాగితం పక్కన వేలాడదీశాను. ఆ తర్వాత చేసింది చెప్పడానికే నోరు రావడం లేదు. గది ఖాళీగా ఉంది. పోయిన దసరా పూజలో మిగిలిన కుంకుమ అల్మారాలో ఉంది. ఉంగరం వేలితో తీసి పటం పై మూల మీద బొట్టు పెట్టాను. పెట్టి, వేలు చీరకు తుడుచుకుని, గుమ్మం అవతలికి పోయి, చెప్పుల దగ్గర నిలబడి దాన్ని చూశాను.

అధ్యక్షుడు పటం చూసి, "ఇదేంది, కొత్తది?" అన్నాడు. గుమాస్తా, "కంప్యూటర్ సర్టిఫికెట్ కావచ్చు" అన్నాడు. మంచిదే అనుకుని వదిలేశారు. పిల్ల ఇంకా నాగర్‌కర్నూల్‌లోనే ఉంది.

పన్నెండు రోజులు అది గోడ మీద ఉంది. చీరల కోసం వచ్చిన వాళ్లు, దారం అమ్మేవాళ్లు, బిల్లు కలెక్టరు, అందరూ దాని కింద కూర్చుని చాయ్ తాగారు. చాయ్ నేనే ఇచ్చాను.

పదమూడో రోజు రాయచూరు నుంచి ఒక చీరల వ్యాపారి, ఆయన అల్లుడు వచ్చారు. అల్లుడు కంప్యూటర్ పని చేసేవాడు. చాయ్ కప్పు ఎత్తుతూ గోడ వైపు చూసి ఆగిపోయాడు. లేచి దగ్గరకు పోయి చదివాడు.

"ఏన్రీ ఇదు?" అన్నాడు కన్నడంలో, ఇదేమిటని. తర్వాత తెలుగులో, "ఇంటి తాళంచెవిని గేటుకు వేలాడదీసి బొట్టు పెట్టినారు గదండీ!" అన్నాడు.

అధ్యక్షుడికి అర్థం కాలేదు. అల్లుడు నవ్వు ఆపుకుని చెప్పాడు. ఇది సర్టిఫికెట్ కాదు. దాని రహస్య తాళంచెవి. దీన్ని ఎవరైనా రాసుకుని పోతే మీ దుకాణం మేమే అని ఇంకొక దుకాణం పెట్టి, మీ ఖాతాదారులు పంపే వివరాలన్నీ పట్టుకోవచ్చు. ఎవరూ రాసుకోలేదనుకున్నా సరే, ఇప్పుడున్న సర్టిఫికెట్ రద్దు చేసి కొత్తది తెచ్చుకోవాల్సిందే.

నా చేతిలో ఖాళీ కప్పులున్న పళ్లెం ఉంది. ఎవరూ నా వైపు చూడలేదు. చాయ్ తెచ్చేవాళ్ల వైపు ఎవరు చూస్తారు.

పిల్లను పిలిపించారు. ఆమె వచ్చేదాకా నాలుగు రోజులు వెబ్‌సైట్ మూసేశారు. శ్రావణం పెళ్లిళ్ల వేళ. కొత్త సర్టిఫికెట్ వచ్చిన రోజే కమిటీ కూర్చుంది. డైరెక్టర్లలో ఒకాయన నోరు మంచిది కాదు. పటం బల్ల మీద పెట్టి ఉంది.

"ఆడపిల్ల చేతికి కంప్యూటర్ ఇస్తే గిట్లనే ఉంటది" అన్నాడు ఆయన. "బొట్టు గూడ పెట్టిన్రు. ఇగ హారతి ఒక్కటే తక్కువ!"

ఒకరిద్దరు నవ్వారు. అధ్యక్షుడు అడిగాడు, "ఇది ఎవరు ప్రింట్ తీసిన్రమ్మా? నువ్వు ఊర్ల లేవు గద అప్పుడు."

పిల్ల నా వైపు చూసింది. ఒక్కసారే. నేను చాయ్ కప్పులు పంచుతున్నాను, ఆమె కప్పు ఇంకా నా చేతిలోనే ఉంది. ఆమె ఆగింది. నేను చెబుతానని ఆగింది, అది నాకు తెలిసింది. నా గొంతులో మాట ఉంది. నేనే తీసిన అన్నా, అంటే చాలు. కానీ ఆ మాట వెనకాల ఇంకొక ప్రశ్న వస్తుంది. బొట్టు ఎవరు పెట్టింది? ముండమోసింది బొట్టు పెట్టిందా సొసైటీ గోడకు, శ్రావణం మాసంలో వ్యాపారం ఆగింది అందుకేనా, అని ఆ నోరు మంచిది కాని మనిషి అంటాడు. నేతవాళ్ల వాడంతా అంటుంది. దానికి భయపడ్డాను. ఆమె నౌకరీ ఒక వైపు, నా బొట్టు ఒక వైపు. నేను కప్పు ఆమె ముందు పెట్టి పళ్లెం తీసుకుని బయటికి పోయాను.

బయట నుంచి విన్నాను. ఆమె, "స్క్రిప్ట్ నేనే రాసిన సార్. ప్రింట్ తియ్యమని చెప్పింది నేనే. తప్పు నాదే" అంది. నా ఊసు ఎత్తలేదు. ఎవరికి చెప్పావని వాళ్లూ అడగలేదు, తప్పు ఒప్పుకున్నది చాలనుకున్నారు. ఆమె నిర్లక్ష్యం వల్ల జరిగిందని మినిట్స్ బుక్కులో రాశారు, పక్కా చేసే సంగతి వాయిదా వేశారు. గుమాస్తా పైకి చదివి సంతకాలు పెట్టించాడు.

రెండు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. చాయ్ ఇస్తే తాగలేదు, చల్లారిపోయిన కప్పు నేనే తీసుకుపోయి పారబోశాను. మూడో రోజు మధ్యాహ్నం అందరూ అన్నానికి పోయాక పిలిచింది.

"పెద్దమ్మా, రా. కూసో."

కుర్చీ చూపించింది. నేను కింద కూర్చోబోతే, "కుర్చీల కూసో" అంది గట్టిగా. నోటుబుక్కు తీసింది. "ఆ రోజు ఏం చూసినవో, ఏం నొక్కినవో ఒక్కొక్కటి చెప్పు. నన్ను చూసి చెప్పకు. తెరను చూసి చెప్పు."

చెప్పాను. నేను చెబుతుంటే ఆమె రాసుకుంది. ఇట్లా నేను చెబితే ఒకరు రాయడం అదే మొదలు. ఉరకడం ఆగిందన్న చోట ఆమె పెన్ను ఆపింది.

"ఆగిందంటే అయినట్టే అన్న గద నేను?"

"అన్నవు."

"అప్పటికి కంపెనీ ఇంకా సర్టిఫికెట్ పంపలె. గంట ఆలస్యమైంది. వచ్చినంక కంప్యూటర్ దానంతటదే ఎక్కిచ్చుకున్నది గానీ, నువ్వు తీసినప్పుడు పైనున్నది తాళంచెవే." తలకు చేయి ఆనించుకుంది. "నేర్చుకునేటప్పుడు పాత సర్టిఫికెట్ పెట్టి నేర్పిన. అసలు రోజు ఎట్లుంటదో చూపియ్యలె."

"నువ్వు చెప్పినవు బిడ్డా, ఒకటి చూపిచ్చేది, ఒకటి దాచేదని. నాకు యాదికున్నది. నేనే చూసుకోలె."

ఆమె అది కూడా రాసుకుంది.

వారం రోజులు ఆ స్క్రిప్ట్‌ను మార్చింది. తాళంచెవి తయారైన వెంటనే మేము తెరవలేని చోటికి పోయేటట్టు చేసింది. సర్టిఫికెట్ చేతికి వచ్చేదాకా పని అయిందనకుండా కాచుకుని ఉండేటట్టు చేసింది. ప్రింట్ కూడా నేను తీయనక్కరలేకుండా అదే తీసేటట్టు చేసింది. నాకు ఇంగ్లీషు రాదు కదా, అంతా సరిగ్గా అయితే తెర మీద చుక్కలతో కోటకొమ్మ అంచు వచ్చేటట్టు చేసింది, మా గద్వాల చీరకు వేసే గోపురాల అంచు. "ఈ అంచు కనబడకపోతే దేన్నీ ముట్టకు. నాకు ఫోన్ చెయ్యి" అంది. మార్చిన ప్రతిసారీ నన్ను కూర్చోబెట్టి, "చెడగొట్టు చూస్త" అనేది. నేను అడ్డదిడ్డంగా నొక్కేదాన్ని. ఒకసారి చెడిపోయింది. మళ్లీ మార్చింది.

ఆఖరి రోజు అడిగాను. "బిడ్డా, కమిటీకి చెప్పనా? నేనే అని?"

ఆమె తెర వైపు చూస్తూనే అంది. "అది నన్ను అడగకు పెద్దమ్మా."

ఆ సాయంత్రమే అధ్యక్షుడి ఇంటికి పోయాను. ఆయన మగ్గం గుంటలో కూర్చుని తెగిన పోగు అతుకుతున్నాడు. అంతా చెప్పాను. బొట్టు సంగతి కూడా చెప్పాను. ఆయన పోగు వదలకుండా విన్నాడు.

"అయిందేదో అయింది చెల్లె" అన్నాడు. "నలుగుర్ల చెప్పకు. నిన్ను పెట్టుకున్నది నేను. నీ నౌకరీ పోతది, నా మీద మాటొస్తది. ఆ పిల్లకేం, చదువుకున్నది, యాడైనా బతుకుతది."

"బుక్కుల ఆమె మీద రాసిన్రు గదన్నా."

"బుక్కు ఎవరు చూస్తరు?"

నేను తల ఊపి వచ్చేశాను. దారిలో నా ఒళ్లు తేలికగా అయింది. చెప్పేశాను, ఆయన వద్దన్నాడు, ఇక నా తప్పేముంది అనిపించింది. ఆకలి కూడా వేసింది, ఇంటికి పోయి కడుపునిండా తిన్నాను. నా సిగ్గంతా ఆ అన్నం దగ్గరే ఉంది. కమిటీ ముందు నోరు పెగలలేదంటే భయమనుకోవచ్చు. తర్వాత తేలికపడడాన్ని ఏమనాలి?

ఆ పిల్ల మంచిచెడ్డ ఎవరూ చూడలేదు. దీపావళి దాటినా పక్కా చేయలేదు. ఒక రోజు తన సొరుగు తాళాలు గుమాస్తాకు అప్పగించి వనపర్తి పోయింది. పోయేటప్పుడు నాతో, "అంచు కనబడితేనే, పెద్దమ్మా" అంది. అంతే. అక్కడ ఏదో జిరాక్స్ దుకాణంలో చేరిందని విన్నాను, తర్వాత ఎక్కడికి పోయిందో తెలియదు.

మరుసటి ఏడు నేనే నొక్కాను. అక్షరాలు ఉరికాయి, ఆగాయి, చాలాసేపు ఏమీ లేదు. నేను దేన్నీ ముట్టలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత కోటకొమ్మ అంచు వచ్చింది, గోపురం పక్కన గోపురం, ఒక్క చుక్క తప్పు లేకుండా. ప్రింటర్ దానంతట అదే కాగితం తీసింది. కమిటీ వాళ్లు చూసి, "మంచిగ పనిచేస్తుందిరా ఇది" అన్నారు. దీన్ని ఎవరు చేశారని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. నేను పని మానేసే దాకా ప్రతి ఏడూ ఆ అంచు వచ్చింది, ప్రతి ఏడూ నేను దాని ముందు తల దించుకునే కూర్చున్నాను.

ఆ మినిట్స్ బుక్కు ఇంకా ఆ అల్మారాలోనే ఉంటుంది. నేను చదవలేను కానీ ఆ పేజీ ఏదో తెలుసు, ఆ పేజీ మూల మీద చాయ్ మరక ఉంది. ఆ రోజు నేను పెట్టిన కప్పుదే. అందులో తప్పు ఆమెదని రాసి ఉంది. కాదు. పటం కట్టించింది నేను, బొట్టు పెట్టింది నేను, నోరు మూసుకున్నది నేను. రాశావా? మళ్లీ ఒకసారి చదువు, గట్టిగా.